ఆరింది మేడమ్

దోహాలో ఆగస్టు నెల చూడనివాళ్ళు ఎడారి అనగానే గాలి పొడిగా ఉంటుందనుకుంటారు. పొడీ లేదు, గిడీ లేదు. సముద్రం మీంచి వచ్చే ఉక్కకి బయట అడుగు పెట్టగానే కళ్ళజోడు మసకేస్తుంది, వంటింట్లో ఉప్పు ముద్దకడుతుంది. ఇండస్ట్రియల్ ఏరియాలో అరుంధతి పనిచేసే ఫ్యాక్టరీకి ఆ చెమ్మతోనే నిత్యం తగువు. అక్కడ కరిగించి అచ్చుపోసేది బియ్యపు గింజలంతేసి ఉండే నల్లటి ప్లాస్టిక్ ముక్కల్ని. అందరూ దాన్ని మాల్ అంటారు. అందులో సన్నటి కార్బన్ నూగు కలిసి ఉంటుంది, మంటని ఆపే పొడి కలిసి ఉంటుంది. చెమ్మ పీల్చిన మాల్‌ని ప్రెస్సులో పోస్తే మూతల మీద పొక్కులు లేస్తాయి. అందుకని ముందు వేడిగాలి డ్రమ్ములో పోసి ఆరబెట్టాలి. ఆరిందని తేలాకే ప్రెస్సు కదలాలి.

ప్రెస్సులోంచి వచ్చేవి పెట్టెల మూతలు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఇంకో ఏడాదిలోకి వచ్చేసింది. కొత్తగా కడుతున్న స్టేడియంలో, జనం కూర్చునే మెట్ల కింద వరసగా పెట్టెలు బిగిస్తున్నారు. ఏదైనా ప్రమాదం వస్తే సైరన్లు మోగించే సర్క్యూట్లు వాటిలో ఉంటాయి. పైన వేలాది జనం, వాళ్ళ చేతుల్లో ఫోన్లు, పోలీసుల చేతుల్లో వైర్‌లెస్ సెట్లు. ఆ తరంగాలన్నీ లోపలికి చొరబడితే సర్క్యూటుకి మతి పోతుంది, మోగాల్సిన వేళకి మోగదు. మూతలోని కార్బన్ వాటిని బయటే ఆపేస్తుంది. ఇక ఖర్మకాలి లోపల నిప్పురవ్వ పుట్టిందనుకోండి, మూత అంటుకోకూడదు. అంటుకున్నా తనంతట తాను ఆరిపోవాలి. అది చూసే పని ల్యాబులో అరుంధతిది.

పద్ధతి చాలా సులువు. కొత్త లాటు మాల్ వచ్చినప్పుడల్లా మొదటి మూతలోంచి ఒక పట్టీ కోస్తారు. దాన్ని నిలువుగా కొక్కేనికి బిగించి, కింద దూది పరిచి, గ్యాసు మంట తగిలించి తీసేస్తారు. మంట వెంటనే ఆరిపోతే మంచి మాల్. ఆరకుండా పాకి, బొట్లుబొట్లుగా కారి దూదిని అంటించిందా, ఆ లాటంతా చెత్తకింద లెక్క. ల్యాబు మనిషి స్వయంగా వెలిగించి చూడాలని రూలు.

డ్రమ్మూ ప్రెస్సూ చూసుకునేది జలంధర్. మెట్‌పల్లి దగ్గర పల్లె అతనిది, అరుంధతిది కాకినాడ. ఆమె చేరిన కొత్తలో "జలంధర్ గారూ" అని పిలిస్తే అతను సిగ్గుతో చచ్చిపోయాడు. గారూ గీరూ వద్దనీ, క్యాంపులో బెంగాలీలు కూడా గారూ అని ఏడిపిస్తున్నారనీ మొరపెట్టుకున్నాడు. అప్పట్నించీ పేరుపెట్టి పిలుస్తుంది, నువ్వు అంటుంది. హిందీ, మలయాళం, నేపాలీ హోరెత్తే ఆ షెడ్డులో తెలుగు మాట్లాడేది వాళ్ళిద్దరే. "పోయిండు" అని అతనంటే ఆమె నవ్వేది, "వెళ్ళాడు" అని ఆమె అంటే అతను నవ్వేవాడు. పొద్దున్నించీ ఇంగ్లీషులో మర్యాదలు చేసీచేసీ అలిసిన నోటికి ఆ రెండు ముక్కలూ ఎంత హాయిగా ఉండేవో. ఆ హాయిలోనే రూలు కాస్త సడలింది. ఒక్కోరోజు పని ఎక్కువుంటే, "ఇవాళ నువ్వే కాల్చి చూసి ఫోన్ చెయ్యి జలంధర్" అనేది. రోజూ కాదు, అప్పుడప్పుడూ. రోజూ అయినా బాగుండేది, అదో అలవాటయ్యేది.

ఆ ఆదివారం కొత్త లాటు వచ్చింది. మధ్యాహ్నం అవుతుండగా తాము ఉండే ఫరీజ్ బిన్ మహమూద్ నుంచి పక్క ఫ్లాటావిడ ఫోను, కూతురు అమ్ముకి ఒళ్ళు కాలిపోతోందని. కరోనాలో కంపెనీ మూతపడి ఉద్యోగం పోయిన ఆమె భర్త చైతన్య ఆరోజే ఏదో ఇంటర్వ్యూకి వెళ్ళి ఉన్నాడు. అరుంధతి బ్యాగు భుజానికి తగిలించుకుని పరుగెత్తింది. గేటు దాటి టాక్సీ ఎక్కాక లాటు సంగతి గుర్తొచ్చింది. పొద్దున జలంధర్‌ని కాల్చి చూడమని చెప్పినట్టే ఆమెకి గుర్తు. నిజానికి చెప్పలేదు. చెప్పాలనుకుంది, అంతే.

టాక్సీలోంచి ఫోన్ చేసింది. ప్రెస్సుల రొదలో అతని గొంతు సగం సగం వినపడింది.

"జలంధర్, ఆరిందా?"

"ఆరింది మేడమ్. మంచిగ ఆరింది."

"సరే, నడిపించెయ్."

పిల్ల ఒంటిమీద తడిగుడ్డ వేస్తూ ఆ లాటుకి ఫోనులోనే ఓకే పంపింది. మర్నాడు ఆఫీసుకి వెళ్ళేసరికి బల్ల మీద నల్లటి పట్టీ ఒకటి ఉంది, కాలని పట్టీ. అదనంగా కోసి పెట్టాడు కాబోలు అనుకుని సొరుగులో పడేసింది. ఇంకో ఆలోచన రాలేదు. పిల్లకి జ్వరం దిగిందన్న సంతోషంలో ఉంది.

మంగళవారం స్టేడియం నుంచి కబురొచ్చింది. అక్కడి కన్సల్టెంటు, ఐర్లండాయన, ఆ లాటు మూత ఒకటి తీసి కోయించి కాల్పించాడట. మంట ఆరలేదు, పైదాకా పాకింది. బొట్లు కారి దూది భగ్గుమంది. అప్పటికే కొన్ని వరసలకి మూతలు బిగించేశారు కూడా. ప్రొడక్షన్ మేనేజర్ అబ్దుల్ ఖాదర్ ల్యాబులోకి వచ్చి, గొంతు పెంచకుండానే, ఆ పట్టీ ఎవరు కాల్చారని అడిగాడు. మలప్పురం మనిషి, కోపమొస్తే ఇంకా మెత్తగా మాట్లాడతాడు. అరుంధతి ఉన్నమాటే చెప్పింది. తను ఇంటికి వెళ్ళాల్సి వచ్చిందనీ, జలంధర్‌ని ఫోనులో అడిగాననీ, ఆరిందన్నాడనీ. అంటే అబద్ధం చెప్పాడన్నమాట, అన్నాడు ఖాదర్. ఆమెకీ జలంధర్ మీద కోపం వచ్చింది. ఇంత నమ్మితే ఇలా చేస్తాడా అని ఇల్లు చేరేదాకా కుతకుతలాడింది.

సాయంత్రం వంటింట్లో చారు పోపు పెడుతోంది. హాల్లో అమ్ము బొమ్మలేసుకుంటోంది. బాల్కనీలో ఆరేసిన బట్టలు ఆ ఉక్కలో ఎప్పటికీ తడితడిగానే ఉంటాయి, అది వాళ్ళింట్లో రోజూ ఉండే గొడవే. చైతన్య ఇస్త్రీపెట్టె పట్టుకుని గుమ్మంలోంచి కేకేశాడు.

"అరూ, ఆరాయా?"

"ఏవి?" అంది.

"బట్టలే. ఇంకేం ఆరతాయి మనింట్లో?"

పోపు మాడింది. మాడిన వాసన చైతన్య ముక్కుకి తగిలింది గానీ ఆమెకి తగల్లేదు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ప్రెస్సు దగ్గర నిలబడ్డ మనిషిని, మాల్ ఆరబెట్టడమే పనైన మనిషిని, పట్టుకుని ఆరిందా అని అడిగితే అతనేమనుకుంటాడు? మాల్ ఆరింది, ప్రెస్సు నడిపించమంటారా అనే కదా అనుకుంటాడు. నడిపించమంది. నడిపించాడు. మొదటి మూత రాగానే పట్టీ కోసి, మేడమ్ వచ్చి కాల్చుకుంటుందని తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాడు. అతను చేయాల్సినవన్నీ చేశాడు. దాన్ని ఆమె సొరుగులో పడేసింది.

హిందీలో అయితే మాల్ ఆరితే సూఖ్ గయా, మంట ఆరితే బుఝ్ గయా. రెండూ చచ్చినా కలవవు. ఇంగ్లీషులోనూ కలవవు. ఖాదర్ అడిగి ఉంటే ఈ పొరపాటు జరిగేదే కాదు, షిఫ్టు ఫోర్‌మన్ ఖాసీం అడిగినా జరిగేది కాదు. ఇద్దరూ తెలుగువాళ్ళు కాబట్టి జరిగింది. హాయిగా తెలుగులో మాట్లాడుకున్నారు కాబట్టి జరిగింది.

చైతన్యకి అంతా చెప్పింది. అతను చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తూ విన్నాడు. చెప్పద్దని అనలేదు పాపం. చెప్పమని కూడా అనలేదు. ఆ ఇంటర్వ్యూ వాళ్ళు ఇంకా కబురు చెయ్యలేదని మాత్రం అన్నాడు, ఆమె అడక్కుండానే. ఆ మాట ఎందుకన్నాడో ఇద్దరికీ తెలుసు.

బుధవారం పొద్దున నిజం చెప్పేద్దామనే బయల్దేరింది అరుంధతి. అందులో అనుమానం లేదు. బస్సులో వాక్యాలు కూడా కూర్చుకుంది, ఇంగ్లీషులో ఈ ఆరడం సంగతి ఎలా వివరించాలా అని. మీటింగు గది బయట నడవలో ఖాదర్ ఆమెని ఆపాడు. లోపల కన్సల్టెంటు కూర్చున్నాడనీ, ఆపరేటర్ని అతని సొంత భాషలోనే అడగాలని పట్టుబట్టాడనీ చెప్పాడు. రేపు భాష తెలియక అలా అన్నాడని ఎవరూ అనకూడదట. అందుకని అరుంధతే అడిగి ఇంగ్లీషులో చెప్పాలి. పిల్లకి జ్వరమని ఆ ఒక్కరోజే కాల్చే పని ఆపరేటర్‌కి అప్పగించిందని ఆయనకి ముందే చెప్పి ఉంచాడట. తర్వాత ఇంకాస్త దగ్గరికి వచ్చి, అసలు మాట అన్నాడు. ఆపరేటర్ తప్పయితే ఒక లాటు వెనక్కి వస్తుంది, అక్కడితో సరి. ల్యాబు తప్పయితే ఇన్నాళ్ళూ ల్యాబు ఓకే చేసిన ప్రతి మూతనీ విప్పి చూస్తారు. ఫ్యాక్టరీ ఉండదు, నువ్వూ ఉండవు, నేనూ ఉండను. బెదిరించినట్టు లేదు, వాన వస్తుందేమో గొడుగు తీసుకెళ్ళమన్నట్టు చెప్పి తలుపు తీశాడు.

లోపల ఏసీ చలికి జలంధర్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఉతికిన యూనిఫాం వేసుకున్నాడు గానీ గోళ్ళలో కార్బన్ నలుపు అలాగే ఉంది, అది ఎంత తోమినా పోదు. అరుంధతిని చూడగానే మొహం తేటపడింది. హమ్మయ్య, మనామె వచ్చింది అన్నట్టు కుర్చీలో సర్దుకున్నాడు. ఆ చూపు ఆమె తట్టుకోలేకపోయింది. కాగితాలు సర్దుతున్నట్టు తల దించుకుంది.

కన్సల్టెంటు మంచి మనిషే. తొందరపడకుండా, ఒక్కొక్క మాటా విడదీసి అడిగాడు. మంట ఆరిపోయిందని నువ్వు ల్యాబుకి చెప్పావా, అన్నది అతని ప్రశ్న. ఇంగ్లీషులో మంట అన్న మాట స్పష్టంగా ఉంది.

అరుంధతి జలంధర్ వైపు తిరిగింది. చెప్పాల్సిన వాక్యం నాలుక మీదే ఉంది. మంట అన్న ఒక్క మాట కలిపితే చాలు. కలిపితే అతను తెల్లబోయి, మంటనా, మంటేంది మేడమ్, నేను మాల్ సంగతి చెప్పిన అంటాడు. అక్కడితో అంతా తేలిపోతుంది.

"ఆరిందని నువ్వు నాతో చెప్పావా?" అంది.

"చెప్పిన మేడమ్."

అవునంటున్నాడు, అని ఇంగ్లీషులో చెప్పింది. కళ్ళతో చూసే చెప్పావా, అన్నది రెండో ప్రశ్న. అదీ అడిగింది. జలంధర్‌కి కాస్త రోషం వచ్చినట్టుంది. తన పని మీద అనుమానపడుతున్నారని అర్థమైంది అతనికి.

"చూసుడే గాదు, చేతుల వట్టుకొని చూసిన మేడమ్. మంచిగ ఆరింది."

మంటని చేత్తో పట్టుకుని చూసేవాడు ఎవడూ ఉండడు. ఆ ఒక్క ముక్క ఇంగ్లీషులోకి వెళ్ళి ఉంటే ఆ ఐర్లండాయన కనుబొమలు ఎగరేసేవాడు. అరుంధతి మాత్రం, చూసే చెప్పానంటున్నాడు, అంది. అంతవరకే. ఆమె చెప్పినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ సంగతికి ఆమెకే అసహ్యం వేసింది.

ఈ మాల్ మంట ఆరే రకం కాదు కదా, అబద్ధమే చెప్పాడన్నమాట, అని కన్సల్టెంటు నిట్టూర్చి కలం మూత పెట్టేశాడు. జలంధర్ లేచి అందరికీ పేరుపేరునా సలాం చేసి వెళ్ళాడు. ఏం తేలిందో అతనికి తెలియలేదు. బయటికెళ్ళాక ఖాసీం చెప్పాడు, నీ వీసా క్యాన్సిల్ కొట్టారు, శుక్రవారం ఫ్లయిటు అని.

గురువారం పొద్దున అరుంధతి ఖాదర్ గదికి వెళ్ళింది. ఈసారైనా చెప్పేద్దామనే వెళ్ళింది. ఆమె నోరు తెరవకముందే అతను లేచి, ల్యాబు పరువు నిలబెట్టావని మెచ్చుకున్నాడు. సులేమానీ టీ తెప్పించాడు. పక్క గదిలో, కొలతల యంత్రాల దగ్గర, పెద్ద పోస్టు ఖాళీ అవబోతోందని కూడా అన్నాడు. టీ గ్లాసు చేతిలో వేడిగా ఉంది. ఆమె నోటివెంట చివరికి వచ్చింది ఒకే ఒక్క కోరిక. జలంధర్‌ని పంపించకుండా గోడౌనులోకో ప్యాకింగులోకో మార్చడం కుదరదా అని.

"మాఫీ," అన్నాడు ఖాదర్.

మన దగ్గర మాఫీ అంటే క్షమించెయ్యడం, వదిలెయ్యడం. అప్పులు మాఫీ అంటాం, శిక్ష మాఫీ అంటాం. అరబ్బుల మాఫీకి అర్థం 'లేదు, కుదరదు' అని. ఆ సంగతి దిగిన మొదటివారంలోనే నేర్చుకుంటారు అందరూ. అయినా ఆ క్షణాన అరుంధతి చెవికి ముందు మన మాఫీయే వినిపించింది. ప్రాణం లేచొచ్చింది. ఖాదర్ మొహం చూశాక గానీ అది అరబ్బుల మాఫీ అని తెలియలేదు. టీ సగం తాగి వచ్చేసింది.

మధ్యాహ్నం ల్యాబు తలుపు దగ్గర దగ్గు వినిపించింది. జలంధర్. డ్యూటీ లేదు కాబట్టి సొంత బట్టల్లో ఉన్నాడు. గళ్ళచొక్కాలో వేరే మనిషిలా, కాస్త వయసు మీద పడ్డట్టు కనిపించాడు. లోపలికి రమ్మంటే చెప్పులు బయట విడిచి వచ్చాడు. పోట్లాడ్డానికి వచ్చాడేమో అనుకుంది. పోట్లాడితే బాగుండునని కూడా అనిపించింది.

"ఇంట్ల మా ఆమె నమ్ముతలేదు మేడమ్," అన్నాడు. "పోయినసారి సౌదిల కంపెనీ మూసేస్తె మధ్యల పోయిన. తాగి కొట్లాడిండని గప్పుడు మా బామ్మర్దులు ఊరంత చెప్పిన్రు. ఇప్పుడు మల్ల గట్లనే పోతున్న. ఏం జేసినవో చెప్పుమని ఒకటే ఏడుస్తుంది. పని ఒడిసింది, అందుకే పంపుతున్రని మీరొక్క మాట చెప్పున్రి. మీరు చెప్తె నమ్ముతది."

నీకు నామీద కోపం లేదా అని అడిగింది అరుంధతి. అతనికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

"మీ మీద కోపమెందుకు మేడమ్? గా రూంల మీరున్నరనే నాకు బయం గాలే. యాడనో నాదే పొరపాటై ఉంటది. లేకుంటె మీరు చెప్పకపోదురా?"

ఫోను కలిపి అందించాడు. అటువైపు కత్తెర చప్పుడు టకటక వినిపిస్తోంది, బీడీల ఆకు కోస్తున్నట్టుంది. జలంధర్ భార్య గంగామణి గొంతు చిన్నది, మాటలు మాత్రం సూటిగా ఉన్నాయి. నమస్తే చెప్పి, మేడమ్ బాగున్నారా అని అడిగి, వెంటనే అసలు విషయానికి వచ్చింది. గల్ఫులో ఏ దేశమైనా ఆమెకి దుబాయే.

"దుబాయ్‌ల ఏమైంది మేడమ్? మా ఆయన ఏమన్న తప్పు జేసిండా?"

పని అయిపోయిందమ్మా, అనాలి. అతను చెప్పమన్నది అదే. తేలికైన మాట, ఎవరికీ నష్టం లేని మాట. ఎదురుగా అతను రెండు చేతులూ ముందుకు కట్టుకుని, పరీక్ష ఫలితం వినేవాడిలా ఆమె నోటివైపే చూస్తున్నాడు. అరుంధతికి ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది.

"ఆయన తప్పేం లేదమ్మా. తప్పు నాది. నేను అడగాల్సినట్టు అడగలేదు. తర్వాతైనా చెప్పాల్సిన చోట చెప్పలేదు."

కత్తెర చప్పుడు ఆగింది. తర్వాత గంగామణి అడిగింది. కోపంగా కాదు, ఏదో లెక్క కుదరక అడిగినట్టు అడిగింది.

"మీ తప్పయితే ఆయననెందుకు పంపుతున్రు మేడమ్?"

అరుంధతి ఫోను చెవి దగ్గర పెట్టుకునే జలంధర్ వైపు చూసింది. జలంధర్ మెల్లగా ఆమె చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు.

"అట్ల గాదే," అన్నాడు భార్యతో, పక్కకి తిరిగి, గొంతు తగ్గించి. "మేడమ్ మనసు అసొంటిది. నా మీదికి మాట రావద్దని తన మీదేసుకుంటుంది. గంత పెద్ద సదువు సదివినామె తప్పు జేస్తదా? నీకెరుక లేదు, నువ్వు సప్పుడు జెయ్యకు."

కాదు జలంధర్, అనబోయింది అరుంధతి. నేను అడిగింది మంట సంగతి. నువ్వు చెప్పింది మాల్ సంగతని ఆ గదిలోకి వచ్చేటప్పటికే నాకు తెలుసు. రెండు వాక్యాలు, అంతే. ఎరుకే మేడమ్, ఎరుకే అన్నట్టు అతను అరచెయ్యి ఎత్తి ఆపాడు. అటువైపు గంగామణి ఏదో గబగబా చెబుతోంది. ఈసారి ఆ గొంతులో ఏడుపు లేదు. వింటూ వింటూ ఆ వారంలో మొదటిసారి జలంధర్ మొహంలోకి నవ్వు వచ్చింది.

"నమ్మింది మేడమ్," అన్నాడు ఫోను దించి. "మీ అసొంటోళ్లు ఒక్కరున్నా సాలంటుంది. మీకు దండం పెడుతున్ననని చెప్పుమన్నది. మీ పిల్లలు సల్లగుండాలంటుంది."

అంటూ భార్య తరఫున తనే రెండు చేతులూ జోడించి, తల బాగా వంచాడు. గోళ్ళలో నలుపు ఇంకా అలాగే ఉంది. అతను తలెత్తేదాకా ఆమెకి వ్యవధి ఉంది, నోరు కూడా తెరిచింది.

అరుంధతి చేతులు జోడించి ఆ దండం అందుకుంది.